చిలకల్ని చూస్తూ నిలబడ్డ సిపాయి

శ్రోతలందరికీ నమస్కారం. ఇంట్లో చిన్నపిల్లలుంటే మీకు డోరేమాన్ తెలియకపోవడమంటూ ఉండదు, టీవీలో తెలుగు మాట్లాడే ఆ నీలం పిల్లి జపాన్ బొమ్మల కథల్లోంచి వచ్చిందే, వాటినే మాంగా అంటారు. నేను ఇవాళ చెప్పబోయేది మాత్రం ఆ పిల్లి గురించి కాదు, దానికంటే ముందే జపాన్ పిల్లలకి దయ్యాల్ని దోస్తుల్లా పరిచయం చేసిన ఒక పెద్దమనిషి గురించి. పేరు షిగెరు మిజుకి. 1922లో పుట్టారు, 2015లో పోయారు, 93 ఏళ్లు బతికారు. గీసిన మాంగా అంతా ఒంటి చేత్తోనే గీశారు.

జపాన్ పడమటి తీరంలో సాకాయ్‌మినాటో అని చేపలరేవు ఉంది, చిన్న ఊరు, ఆయన పెరిగింది అక్కడే. వాళ్లింటికి ఒక పేద ముసలమ్మ వచ్చేది, ఊళ్లోవాళ్ల కోసం దేవుళ్లకి మొక్కులు చేసి పొట్ట పోసుకునే మనిషి, అందరూ నోన్నోన్బా అని పిలిచేవాళ్లు. ఈవిడకి కనిపించని లోకం గురించి తెలియని సంగతి లేదు. పైకప్పు మీద మరక కనబడితే, రాత్రి ఒక దయ్యం వచ్చి నాకి పోయిందిలే అనేది. చీకట్లో నడుస్తుంటే వెనకాల అడుగుల చప్పుడు వినిపిస్తే భయపడకు, పక్కకి జరిగి, ముందు మీరు వెళ్లండి అని మర్యాదగా చెప్పు, వెళ్లిపోతుంది అనేది. దయ్యానికి దారి ఇవ్వడం! నాకు ఇది భలే నచ్చింది.

బడిలో మాత్రం మన మిజుకి సున్నా. పొద్దున్నే లేచే అలవాటు లేదు, లేచినా తాపీగా కడుపునిండా తిని గానీ కదిలేవారు కాదు, లెక్కల క్లాసేమో మొదటి పీరియడు. ఇంక లెక్కలెలా వస్తాయి?

ఇలాంటి కుర్రాణ్ణి 1943లో సైన్యంలోకి లాక్కెళ్లారు. బ్యూగిల్ ఊదే పని ఇచ్చారు. ఎంత ఊదినా సరిగ్గా పలకదు, పలకనప్పుడల్లా దండన. విసుగొచ్చి పైఅధికారి దగ్గరికెళ్లి, అయ్యా, నాకు ఈ పని తప్పించండి అని బతిమాలారు. ఆ అధికారి ఒకటే అడిగాడు, ఉత్తరమా, దక్షిణమా? జపాన్‌లోనే దక్షిణాన ఎక్కడో వెచ్చటి చోటికి పంపుతారనుకుని ఈయన దక్షిణం అన్నారు. పంపింది రబౌల్‌కి. ఇప్పటి పాపువా న్యూగినీ దేశంలోని న్యూబ్రిటన్ దీవి, భూమధ్యరేఖకి అవతల. ఎక్కించిన ఓడ కూడా ఎలాంటిదంటే, 1905లో రష్యాతో యుద్ధం నాటి పాతది. సింగపూర్‌లో పట్టుబడ్డ మన భారతీయ సిపాయిల్ని కూడా జపాన్‌వాళ్లు కూలిపని చేయించడానికి ఆ దీవికే తెచ్చారు. అది వేరే కథ, ఇంకోసారి చెప్పుకుందాం.

ఇప్పుడు అసలు సంగతి. నాకిచ్చిన టైములో మిగతావన్నీ కత్తిరించైనా ఇది పూర్తిగా చెప్పాలి.

పదిమందిని ఒక జట్టుగా చేసి, దీవిలో బయెన్ అనే చోట కొసాకొస కాపలాకి పెట్టారు. ఒక రాత్రి ఆఖరి కాపలా మిజుకిది. మిగతావాళ్లు గుడిసెలో నిద్రపోతున్నారు. తెల్లారగానే వెళ్లి వాళ్లని లేపాలి, అదీ డ్యూటీ. తెల్లారింది. చేతిలో దుర్భిణి ఉంది. దుర్భిణి పెట్టుకుని సముద్రం వైపు చూడాల్సింది పోయి చెట్ల మీద చిలకల్ని చూశారు. రంగురంగుల చిలకలు, అలాంటివి జపాన్‌లో ఎక్కడ కనబడతాయి? కాసేపు చూశారు. ఇంకాసేపు చూశారు. లేపాల్సిన వేళ దాటిపోయింది. ఇంతలో గుడిసె మీద తుపాకులు పేలాయి. లోపలున్నవాళ్లు పోయారు. దూరంగా చిలకల్ని చూస్తూ నిలబడ్డవాడొక్కడే మిగిలాడు.

సముద్రంలో దూకి, ఈది, ఒంటిమీద బట్టలు కూడా లేకుండా అడవిలో పడి నడిచారు. దోమలు, వెంటాడే మనుషులు, తిండి లేదు. ఒక రాత్రి నడుస్తుంటే ముందుకి అడుగు పడటం లేదట, ఎదురుగా ఏదో గోడలాగా అడ్డం, పక్కకి జరిగినా అదే గోడ. చేసేది లేక కూర్చుండిపోయి, అలుపు తీర్చుకుని లేస్తే అక్కడేం లేదు. గోడ దయ్యమంటే ఇదే అని ఆయన చివరిదాకా నమ్మారు. నీరసానికి కళ్లు తిరిగి ఉంటాయి అని మీరనొచ్చు. నేను వాదించను.

ఎలాగో ప్రాణాలతో దళాన్ని చేరుకుంటే అక్కడేమన్నారనుకున్నారు? తుపాకీ ఏది అని అడిగారు. అందరూ చచ్చిపోతే నువ్వెందుకు తిరిగొచ్చావు, నువ్వూ చచ్చిపో అన్నారు. ఆ మాట ఆయనకి జన్మంతా మంటగానే ఉండిపోయింది. తర్వాత మలేరియా. మలేరియాతో పడుకుని ఉండగా విమానాల బాంబులు. ఎడమ చెయ్యి పోయింది, మత్తుమందు కూడా లేకుండా తీసేశారు.

ఆ చెయ్యి పోయిన రోజుల్లోనే దగ్గర్లోని తొలాయి జాతి ఊరికి వెళ్లడం అలవాటైంది. వాళ్లు పండ్లు పెట్టారు, పౌలో అని పేరు పెట్టుకున్నారు, సాగు చేసుకోమని కాస్త నేల కూడా చూపించారు. యుద్ధం ముగిశాక ఇక్కడే ఉండిపోతానని పట్టుబట్టారు గానీ, ముందు ఇంటికెళ్లి అమ్మానాన్నలకి మొహం చూపించి రా అని డాక్టరు నచ్చజెప్పాడు. మళ్లీ వస్తానని మాటిచ్చి, ఇంచుమించు పాతికేళ్లకి నిజంగానే వెళ్లారు.

జపాన్‌లో చేపలమ్మారు, రిక్షాలు తిప్పించారు, కోబేలో ఒక పాత బిల్డింగు కొని గదులు అద్దెకిచ్చారు. అది మిజుకి వీధి, ఆ బిల్డింగు పేరు వల్లే ఈయనకి మిజుకి అనే పేరు అంటుకుంది, అసలు ఇంటిపేరు మురా. అక్కడే బొమ్మల పని దొరికింది. మన చేర్యాల పటాన్ని ముందు పెట్టుకుని కథ చెప్పినట్టే, జపాన్ వీధుల్లో అట్ట మీది బొమ్మలు ఒక్కొక్కటీ మార్చుతూ కథ చెప్పి మిఠాయి అమ్ముకునేవాళ్లుండేవారు, ఆ బొమ్మలు గీసే పని. టీవీ వచ్చి వాళ్ల పొట్ట కొట్టింది. తర్వాత అద్దె పుస్తకాల షాపులకి మాంగా గీశారు, డబ్బులు మాత్రం అంతంతే.

1961లో పెళ్లి. చూపులైన ఐదు రోజులకే తాళి, అంటే మన లెక్కలో. భార్య నునోయె గారు తర్వాత రాసుకున్నారు, ఆయన ఎడమ భుజంతో కాగితాన్ని నొక్కిపట్టి, ఒళ్లంతా వంచి, కుడిచేత్తో గీస్తుంటే వెనక నుంచి చూసి గౌరవం కలిగిందని. ఆ రోజుల్లోనే పన్ను ఆఫీసువాళ్లు ఇంటికొచ్చారు, ఇంత తక్కువ ఆదాయంతో ఎవరూ బతకలేరు, మీరేదో దాస్తున్నారు అని. ఈయన లోపలికెళ్లి తాకట్టు చీటీల కట్ట తెచ్చి వాళ్ల ముందు పెట్టారు. ఇలా బతుకుతున్నాం, చూడండి!

1965లో కోడాన్షా అనే ప్రచురణ సంస్థవాళ్ల పిల్లల మాంగా బహుమతి వచ్చింది, 1968లో ఆయన దయ్యాల పిల్లాడు కితారో టీవీకెక్కాడు, ఇంక వెనక్కి చూసుకోలేదు. కితారో శ్మశానంలో పుట్టిన ఒంటికన్ను పిల్లాడు. తండ్రి ఒళ్లంతా కుళ్లిపోతే కనుగుడ్డొక్కటే మిగిలింది, ఆ కనుగుడ్డుకి కాళ్లూ చేతులూ వచ్చి, గిన్నెలో వేణ్నీళ్లు పోసుకుని స్నానం చేస్తూ కొడుక్కి సలహాలిస్తుంటుంది. భయమూ ఉంది, ముద్దూ ఉంది. ఇప్పుడు సాకాయ్‌మినాటో వీధిలో ఆ దయ్యాలవీ వాటి తోటివీ 170కి పైగా కంచు విగ్రహాలున్నాయి.

ఇక నిద్ర సంగతి. ఒక విందులో తెజుకా, ఇషినోమోరి అనే ఇద్దరు మహా పేరున్న మాంగా కళాకారులు, మేం రెండు రాత్రులు పడుకోలేదంటే మేమూ అంతే అని గొప్పగా చెప్పుకుంటున్నారట. మిజుకి మాత్రం, ఎంత పనున్నా నేను పది గంటలు పడుకుంటాను అన్నారు. ఆ ఇద్దరూ 60 ఏళ్లకే పోయారు. వాళ్ల జబ్బులు వేరు, నిద్ర లేకే పోయారని నేను చెప్పడం లేదు. ఈయన మాత్రం దాని మీద ఒక బొమ్మల కథే గీశారు, బద్ధకస్తులుగా ఉండండి అని జనానికి సలహా కూడా ఇచ్చారు. రాత్రి ఒంటిగంటకి ఫోను చూస్తూ, పొద్దున లేవలేక, రోజంతా టెన్షన్ పడే మనబోటివాళ్లకి ఇది పనికొచ్చే మాటే. ఇవాళ్టికి ఒక గంట ముందు పడుకుని చూడండి.

చదవాలనుకుంటే ఆయన పుస్తకాలు ఇంగ్లీషులో దొరుకుతాయి. పిల్లలకైతే ముసలమ్మ కథ, నోన్నోన్బా ఇవ్వండి, 2007లో ఫ్రాన్స్‌లోని అంగులేమ్‌లో జరిగే బొమ్మల కథల ఉత్సవంలో పెద్ద బహుమతి వచ్చిన పుస్తకం. మీకైతే 1973లో యుద్ధం గురించి గీసింది ఉంది, ఇంగ్లీషులో పేరు ఆన్‌వర్డ్ టువర్డ్స్ అవర్ నోబుల్ డెత్స్, అందులో 90 శాతం జరిగిందేనని ఆయనే చెప్పారు. అసలు యుద్ధంలో కొందరు బతికి బయటపడ్డారు, పుస్తకంలో మాత్రం ఒక్కణ్ణి కూడా మిగల్చలేదు. దాన్ని మాత్రం రాత్రిపూట మొదలుపెట్టకండి. ఉంటాను, నమస్కారం.