ఇక్వెరేలో ‘మ’ ఉందా, లేదా?

అక్క: ఇవాళ ఇగ్బోయిడ్ భాషల కుటుంబం గురించి మాట్లాడదామన్నాం. నైజీరియా దక్షిణాన ఇగ్బో, ఇక్వెరే, ఎక్పెయె, ఓగ్బా, ఉక్వువాని, ఇకా...

తమ్ముడు: మ్యాపు తియ్యనా?

అక్క: వద్దు నాన్నా, పోయినసారి చాలు.

తమ్ముడు: ఇక్వెరేవాళ్ళుండే నగరం పోర్ట్ హార్కోర్ట్ ఒక్కటే! రుముఓలా, రుముఓకోరో, రుముఇగ్బో... ఊరంతా ‘రుము’లే, అంటే ‘ఫలానావాళ్ళ సంతతి’.

అక్క: వస్తాం. ముందు ధ్వనులు. ఇగ్బోలో నాలుక వెనకభాగాన్నీ పెదాలనీ ఒకేసారి మూసి పలికే ‘క్ప’, ‘గ్బ’ ఉంటాయి కదా. ఇక్వెరేలో ఆ చోట పెదాలతోనే పలికే రెండు ‘బ’లున్నాయి. మామూలు ‘బ’కి పెదాల వెనక ఒత్తిడి పెరిగి గాలి బయటికి తన్నుతుంది. వీటికి పెరగదు. క్లెమెంట్స్, ఒసు అనే భాషాశాస్త్రవేత్తలు నోట్లో ఒత్తిడి కొలిచి 2002లో రాశారు.

తమ్ముడు: సింధీ ‘బ’ లాగా?

అక్క: దగ్గరిదే. అయితే గాలి లోపలికి పోవడం కాదు, ఒత్తిడి లేకపోవడమే ముఖ్యం. నాకింకా నచ్చింది వాళ్ళదే 2005 వ్యాసం. ఇక్వెరేకి సొంతంగా అనునాసిక హల్లులే, అంటే ‘మ’, ‘న’ లాంటి ముక్కుతో పలికేవే, లేవంటారు.

తమ్ముడు: అదెలా అక్కా? ‘రుము’లోనే ‘మ’ ఉందిగా!

అక్క: నోట్లో ఉంది, వ్యవస్థలో లేదు. ముక్కుతో పలికే అచ్చు ముందు ‘మ’ వస్తుంది, మామూలు అచ్చు ముందు ఆ ఒత్తిడి లేని ‘బ’ వస్తుంది. ఒకటున్నచోట రెండోది రాదు. ‘న’, ‘ల’లదీ అంతే.

తమ్ముడు: తిప్పి చెప్పొచ్చుగా. ‘మ’ అసలుది, అచ్చుకి ముక్కు దాన్నుంచే వచ్చింది.

అక్క: ‘స’, ‘ప’ల తర్వాత కూడా ముక్కు అచ్చులున్నాయిరా. అక్కడ ఎవరిచ్చారు?

తమ్ముడు: ...సరే. అయినా మాట్లాడేవాళ్ళు ‘మ’ అనే రాస్తారు. వాళ్ళ చెవిని పక్కనపెట్టి ‘లేదు’ అనడం నాకు మింగుడుపడదు.

అక్క: చెవిని కాదనట్లేదు. ముక్కు గుణం అచ్చుది, పక్కనున్న ధ్వనులకి పాకుతుంది, ప్రత్యయాలకి కూడా. అంత అందమైన అల్లికని ‘మ ఉంది’ అని వదిలేస్తే కనపడదు.

తమ్ముడు: నేను ‘రుము’ పట్టుకున్నదీ అందుకే. ఇగ్బోలో అది ‘ఉము’. 1967లో పోర్ట్ హార్కోర్ట్ ఉన్న రివర్స్ రాష్ట్రం వచ్చింది, వెంటనే ఇగ్బోల ప్రాంతం బయాఫ్రాగా విడిపోతానన్న అంతర్యుద్ధం, 1970 దాకా. తర్వాత బోర్డుల మీద ‘ఉము’ పోయి ‘రుము’ వచ్చిందని కొందరు, మాది మొదట్నుంచీ ‘రుము’నే అని ఇక్వెరేవాళ్ళు.

అక్క: యుద్ధం చూసినవాళ్ళకి అది ఉచ్చారణ గొడవ కాదు. ఇక్వెరే ఇగ్బోకి మాండలికమా, వేరే భాషా అన్నది ఇక్వెరేవాళ్ళే చెప్పాలి. పండితులు దగ్గరితనం కొలవగలరు, అంతే.

తమ్ముడు: ‘మ’ విషయం మాత్రం పండితులు చెప్పాలా?

అక్క: అది వేరు.

తమ్ముడు: ఎలా వేరు?

అక్క: ఎక్పెయెకి టైమ్ లేదు, వచ్చేవారం. ఎలా వేరంటే... ముందు ఆ మ్యాపు మూయి.