రౌటర్‌లో బ్రేక్ దర్శనం

అందరికీ నమస్కారం. తిరుపతి పిల్లలకు నేనొచ్చి క్యూ గురించి చెప్పడమంటే హనుమంతుడి ముందు కుప్పిగంతులే. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో కంపార్ట్‌మెంట్ తలుపు ఎప్పుడు తీస్తారా అని కూర్చోనివాళ్లు ఇక్కడెవరూ ఉండరు.

నెట్‌వర్కుల మధ్య డేటాకు దారి చూపే పెట్టె, రౌటర్‌లోనూ అంతే. వచ్చే ప్యాకెట్లు, అంటే డేటా ముక్కలు, ఎక్కువై, పోయే లింకు చాలకపోతేనే లైను కడుతుంది. రద్దీ లేనప్పుడు ప్రయారిటీ పెట్టినా ఒరిగేదేమీ లేదు.

రౌటర్లు తయారుచేసే సిస్కో కంపెనీ పాత ప్రయారిటీ క్యూయింగ్‌లో (ముఖ్యమైనవాటిని ముందు పంపే పద్ధతి) నాలుగు వరసలు: హై, మీడియం, నార్మల్, లో. డిఫాల్టుగా 20, 40, 60, 80 ప్యాకెట్లు పడతాయి. ప్రతిసారీ రౌటర్ ముందు హై వైపే చూస్తుంది. అక్కడ ఒక్క ప్యాకెట్ ఉన్నా కింది వరస కదలదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఆఫీసులో సార్ల వీడియో కాల్స్ తెగిపోతున్నాయంటే, కాల్స్‌ను విడదీసే ఓపిక లేక వాళ్ల కంప్యూటర్లన్నిటినీ హైలో పడేశాను. సాయంత్రం వాటిలో ఒకదాన్నుంచి బ్యాకప్ మొదలైంది. బిల్లింగ్ కౌంటర్ నుంచి ఫోను: "ఏం సామీ, నెట్టు సచ్చిందా?" లింకు నిక్షేపంగా ఉంది, నిండా పనిచేస్తోంది. చచ్చింది వాళ్ల వరస.

బ్రేక్ దర్శనం రోజంతా నడిపితే సర్వదర్శనం వాళ్ల గతేంటి? అందుకే దానికి ఇంతసేపని హద్దు. ఆలస్యం తగ్గించే 'లో లేటెన్సీ క్యూయింగ్' పద్ధతిలోనూ హద్దు ఉంటుంది. వాయిస్‌ను ముందు పంపుతుంది, కానీ రద్దీలో సెకనుకు మనం రాసిన కిలోబిట్లు దాటితే పారేస్తుంది. కాబట్టి లెక్క మీదే. గొంతును డేటాగా మార్చే జీ.711 పద్ధతిలో ఒక కాల్‌కి గొంతు సెకనుకు 64 కిలోబిట్లు. 20 మిల్లీసెకన్ల ప్యాకెట్లయితే ప్యాకెట్ మీద అతికే చీటీల్లాంటి ఐపీ, యూడీపీ, ఆర్‌టీపీ హెడర్లతో 80. పది కాల్స్‌కి 800, ఆపైన ఈథర్‌నెట్ హెడర్లు. 64తో గుణించి ఊరుకుంటే పదో మనిషి రాకముందే అందరి గొంతూ గరగరలాడుతుంది.

వాయిస్ ప్యాకెట్ చేతిలో టికెట్ డీఎస్‌సీపీ 46, అంటే హెడర్‌లో ప్రాధాన్యం చెప్పే అంకె. ఆ ముద్ర ఎవరి కంప్యూటరైనా వేసుకోగలదు. అందుకే తనిఖీ అలిపిరిలోనే జరగాలి, మహాద్వారం దగ్గర కాదు. అంటే, కంప్యూటర్ల తీగలు వచ్చి కలిసే మొదటి స్విచ్‌లోనే.

ఇక చాలామంది బోల్తాపడే చోటు. రౌటర్ పోర్టు 100 మెగాబిట్లు, మీరు కొన్న నెట్ కనెక్షన్ 20. అప్పుడు ప్యాకెట్లు క్యూ కట్టేది మీ రౌటర్‌లో కాదు, అవతలి మోడెంలో. దానికి మీ ప్రయారిటీ తెలీదు. షేపింగ్, అంటే పంపే వేగానికి కళ్లెం, పెట్టి 19 దగ్గరే ఆపండి. శ్రీనివాసంలో, విష్ణు నివాసంలో టోకెన్లిచ్చి కొండకింద ఆపుతున్నారే, అదే పద్ధతి.

ఈ బల్లమీద రౌటర్ ఉంది. ముందు షేపింగ్ తీసేసి కాల్ చేద్దాం. వెనక బెంచీ బాబూ, నువ్వు పెద్ద ఫైలొకటి అప్‌లోడ్ మొదలుపెట్టు.