బరంపురం వేదిక మీద ఏ గిటారు?

పెద్దలకు నమస్కారం. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ నుంచి బస్సెక్కి వచ్చిన తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ స్వాగతం.

ఎలక్ట్రిక్ గిటార్లు చేసే కంపెనీల్లో ఫెండర్ గొప్పదా, గిబ్సన్ గొప్పదా అని మీలో చాలామంది అడుగుతుంటారు. మీరు వాయించేది ఎక్కడ అని నేను ముందు అడుగుతాను. మన మెలోడీ కార్యక్రమంలో గిటారు పట్టినవారు ఒకే రాత్రిలో ఒడియా భజన, తెలుగు సినిమా పాట, హిందీ హుషారు పాట వాయించాలి. వేదిక వెనుక జనరేటర్ మోత, నెత్తిమీద సీరియల్ లైట్లు, గోపాల్‌పూర్ వైపు నుంచి ఉప్పుగాలి. ఎక్కడో చల్లని స్టూడియోలో కూర్చుని చెప్పిన తీర్పులు ఇక్కడికి పనికిరావు. ఆ పెద్ద పెద్ద పేర్లను మన వేదిక ఎక్కించి చూద్దాం.

ఒడిశాలో, బెంగాల్‌లో హవాయన్ గిటారు వినని పెద్దలు ఉండరు. ఎలక్ట్రిక్ గిటారు కూడా మొదట ఆ రూపంలోనే బజారుకు వచ్చింది. 1930ల ఆరంభంలో రికెన్‌బాకర్ సంస్థ చేసిన ఆ వాద్యాన్ని ఒడిలో పెట్టుకుని, ఉక్కు కడ్డీ జార్చుతూ వాయించేవారు. ఆకారాన్ని బట్టి దానికి ‘ఫ్రయింగ్ పాన్’ అని పేరు పడింది. అయస్కాంతం దగ్గర ఉక్కు తీగ కంపిస్తే పక్కనున్న రాగి చుట్టలో విద్యుత్తు పుడుతుంది. పికప్ అంటే ఇంతే. ఇప్పటికీ అన్ని కంపెనీలూ ఈ సూత్రం మీదే బతుకుతున్నాయి.

లియో ఫెండర్ కాలిఫోర్నియాలో రేడియోలు బాగుచేసేవాడు. ఆయనకు గిటారు వాయించడం రాదు. ఏ వస్తువునైనా రిపేరు చేసేవాడి కళ్ళతో చూశాడు. మన పక్కనే బొబ్బిలిలో వీణను ఒకే పనస దుంగ నుంచి తొలుస్తారు. ఆయన మాత్రం మెడను విడిగా చేసి నాలుగు మరలతో ఒంటికి బిగించాడు. మెడ పాడైతే విప్పి ఇంకొకటి వేసుకోవచ్చు. 1951లో ఆ గిటారుకు టెలికాస్టర్ అన్న పేరు స్థిరపడింది, 1954లో ఆ కంపెనీదే ఇంకో నమూనా స్ట్రాటోకాస్టర్ వచ్చింది. కంపెనీ సర్వీసు దొరకని ఊళ్ళలో వాయించే మనకు ఇంతకంటే మేలు చేసిన ఆలోచన లేదు. స్క్రూడ్రైవర్ పట్టడం తెలిసిన ఏ మెకానిక్ అయినా దాన్ని విప్పగలడు.

ఫెండర్ నాదం వినండి. స్పష్టంగా, గాజు గీసినట్టు ఉంది. ఇప్పుడు వాయించడం ఆపుతున్నాను. స్పీకర్‌లో గుయ్యిమన్న మోత వినిపిస్తోందా? గిటారు పట్టుకుని నెమ్మదిగా పక్కకు తిరుగుతాను. తగ్గింది. ఇంకొంచెం తిరిగితే మళ్ళీ పెరిగింది. అది మన ఇళ్ళకు వచ్చే 50 హెర్ట్జ్ కరెంటు. ఒంటి చుట్ట ఉన్న పికప్ తీగ కంపనంతోపాటు చుట్టూ ఉన్న వైర్ల రొదను కూడా పట్టేస్తుంది. సీరియల్ లైట్ల కింద నిలబడితే ఇక చెప్పక్కరలేదు.

ఈ రోగానికి మందు గిబ్సన్‌లో దొరికింది. 1955లో సెత్ లవర్ అనే ఇంజనీరు రెండు చుట్టలను పక్కపక్కన పెట్టాడు. ఒకదానికి ఎదురుగా ఇంకొకటి చుట్టి, అయస్కాంత ధ్రువాలను కూడా తిప్పాడు. బయటి రొద రెండింటిలో ఎదురెదురుగా పుట్టి రద్దయిపోతుంది, తీగ శబ్దం మాత్రం కలిసి బలపడుతుంది. దీన్నే హంబకర్ అంటారు. 1957 నుంచి గిబ్సన్ వారి లెస్ పాల్ గిటార్ల మీద ఇది కనిపిస్తుంది. ఈ రంగంలో నేను చేతులెత్తి నమస్కరించే ఆవిష్కరణ ఇదొక్కటే. పదును కాస్త తగ్గుతుంది, నాదం చిక్కబడుతుంది. ఆంప్‌లో గెయిన్ పెంచి నాదాన్ని గరగరలాడించినప్పుడు ఆ చిక్కదనం విలువ తెలుస్తుంది.

తీగ పొడవు సంగతి కూడా చెప్పాలి. ఫెండర్‌లో దాదాపు 648 మిల్లీమీటర్లు, గిబ్సన్‌లో దాదాపు 628. అదే స్వరానికి పొట్టి తీగను కాస్త వదులుగా బిగిస్తే చాలు. గమకం కోసం తీగను పక్కకు లాగేవారికి వేళ్ళలో ఆ తేడా వెంటనే తెలుస్తుంది. అయితే లెస్ పాల్ బరువు చాలా వాటికి 4 కిలోల పైమాటే. తల భాగం వెనక్కి వంగి ఉంటుంది, పడితే అక్కడే విరుగుతుంది. రాయగడ ఘాట్ రోడ్డులో వాద్యాలను వ్యాన్ వెనుక వేసుకుని తిరిగేవారు గట్టి పెట్టె కొనకుండా ఆ గిటారు కొనకండి.

అన్ని రకాల పాటలకూ ఒక్క గిటారు సరిపోవడం ఎలా? స్ట్రాటోకాస్టర్‌లో మూడు పికప్‌లు ఉన్నా, ఏ పికప్ మోగాలో ఎంచే స్విచ్‌కు మొదట్లో మూడు స్థానాలే ఉండేవి. వాయించేవారే దాన్ని మధ్యలో ఇరికించి, రెండు పికప్‌లు కలిసిన కొత్త నాదాన్ని కనిపెట్టారు. కంపెనీ 5 స్థానాల స్విచ్‌ను తానుగా బిగించింది 1977లో. మన పాలకొల్లు యు. శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండొలిన్‌లో జంట తీగలు తీసేసి ఒంటి తీగలు పెట్టుకున్నారు, అయిదో తీగ చేర్చుకున్నారు. కర్ణాటక సంగీతానికి ఏం కావాలో ఆయన వేళ్ళకు తెలుసు. ఏ ఫ్యాక్టరీ ముందుగా ఊహించి ఇవ్వలేదు. కంపెనీల ప్రకటనల్లో ‘ఇన్నోవేషన్’ అన్న మాట కనబడినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తారు.

జపాన్ ఐబనేజ్ 1970ల్లో అమెరికా నమూనాలను అనుకరించింది. కేసు పడ్డాక సొంత దారి పట్టింది. 1987 నాటి ఆర్‌జీ శ్రేణిలో సన్నని మెడ, 24 మెట్లు. వేగంగా వాయించేవారికి స్వర్గం. కానీ వాటిలో కొన్నిటికి తీగల చివరలను బిగించి పట్టే తాళం బ్రిడ్జి ఉంటుంది, దానితో జాగ్రత్త. అది స్ప్రింగుల మీద తేలుతూ నిలబడే రకం. ఒక్క తీగ తెగిందా, మిగిలిన అయిదూ శ్రుతి తప్పుతాయి. పాట మధ్యలో తీగ మార్చే తీరిక మనకు ఉండదు. పీఆర్‌ఎస్ అనే అమెరికా కంపెనీ 1985లో మొదలై 25 అంగుళాల (635 మిల్లీమీటర్ల) తీగ పొడవుతో ఫెండర్‌కూ గిబ్సన్‌కూ నడుమ నిలిచింది. అందంగా ఉంటుంది, అమెరికాలో చేసినది కొనాలంటే లక్షలు కావాలి.

మొదటి గిటారు కొనే పిల్లలకు నేను సూటిగా యమహా పసిఫికా 112 చెబుతాను. బ్రిడ్జి దగ్గర హంబకర్, మిగతా రెండూ ఒంటి చుట్టవి. 112వీ నమూనాలో టోన్ గుబ్బను పైకి లాగితే హంబకర్‌లో ఒక చుట్ట ఆగిపోతుంది. భజనకు పలచని నాదం, హుషారు పాటకు చిక్కని నాదం ఒక్క చేతిలోనే ఉంటాయి. దాని మెడ కూడా మరలతో బిగించినదే.

దుకాణానికి వెళ్ళినప్పుడు రెండు గిటార్లనూ ఒకే ఆంప్‌కు, ఆంప్ గుబ్బలు కదపకుండా తగిలించమనండి. మీకు బాగా వచ్చిన ఒక్క పల్లవినే రెండింటిమీదా వాయించండి. ఎఫెక్టులు వద్దు. గిటారు మీది వాల్యూమ్ సగానికి తగ్గించి మళ్ళీ వాయించండి, నాదం మూగబోతే ఆ గిటారు పక్కన పెట్టండి. తర్వాత ప్రతి తీగనూ ప్రతి మెట్టు మీదా నొక్కి చూడండి. మన తేమకు మెడ వంగిన గిటారు అక్కడే జరజరమని చెప్పేస్తుంది.