దొంగ ఏ దారిన వచ్చాడు, ఏ వేళ వచ్చాడు?

యాంకర్: సంక్రాంతి వచ్చిందంటే హైదరాబాద్‌లో వీధులకు వీధులే తాళాలు పడతాయి. ఊరి నుంచి తిరిగొచ్చేసరికి తలుపు గొళ్లెం విరిగి ఉంటే, మేడం, అది ఏ నేరం కిందికి వస్తుంది?

న్యాయవాది: రెండు నేరాలండీ. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఇంట్లో దొంగతనానికి 305 సెక్షన్, 7 ఏళ్ల వరకు జైలు. దొంగతనం కోసం కన్నం వేస్తే, అంటే గొళ్లెం విరిచో అలాంటి మరో దారిలోనో చొరబడితే, 331 వేరేగా పడుతుంది. పగలైతే 10 ఏళ్ల వరకు, పొద్దుగూకాక పొద్దుపొడిచే లోపైతే 14 ఏళ్ల వరకు. అంటే ఎన్ని తులాలు పోయాయన్నదాని కంటే దొంగ ఏ దారిన, ఏ వేళ వచ్చాడన్నదే కేసు బరువును తేలుస్తుంది. ఫిర్యాదులో చాలామంది రాయనిదీ అదే.

యాంకర్: చెప్పుల స్టాండులో దాచిన తాళంచెవితో తీశాడనుకోండి. ఏదీ పగలలేదు కదా?

న్యాయవాది: చొరబడడానికి తాళం తీస్తే చాలు, చెవితో తీసినా కన్నం వేసినట్టే. 330 సెక్షన్ ఇలాంటివి ఆరు చెబుతుంది. గోడ ఎక్కి బాల్కనీలోంచి దూరడం, మనిషి రావడానికి పెట్టని ఎగ్జాస్ట్ ఫ్యాన్ సందులోంచి రావడం కూడా వాటిలోకే వస్తాయి. బార్లా తీసి ఉన్న తలుపులోంచి దర్జాగా నడిచొచ్చాడంటే మాత్రం 331 నిలవడం కష్టం. అప్పుడు 332, దొంగతనం కోసమైతే 7 ఏళ్ల వరకు.

విశ్రాంత ఇన్‌స్పెక్టర్: ఏమీ పోలేదని ఊరుకునేవాళ్లు చాలామంది. అలా వదలకండి. ఇంట్లోకి చెయ్యి పెట్టినా ప్రవేశించినట్టే లెక్క.

యాంకర్: సార్, తలుపు విరిగి కనిపించగానే ఏం చేయాలి?

ఇన్‌స్పెక్టర్: లోపలికి వెళ్లొద్దు. 100కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. క్లూస్ టీం వచ్చేదాకా బీరువా, గొళ్లెం ముట్టుకోవద్దు. ఏం పోయిందో చూద్దామని ఇంటిల్లిపాదీ అల్మారాలన్నీ తడిమితే వేలిముద్రలు చెరిగిపోతాయి. ఆ తర్వాత ఫిర్యాదులో తాళం వేసిన తేదీ, సమయం, మొదట చూసిన తేదీ, సమయం రాయండి. నాలుగు రోజులు ఇల్లు మూసి ఉంటే రాత్రి జరిగిందని రుజువు చేయడానికి సీసీ కెమెరా, వాచ్‌మన్, పక్కింటివాళ్లే దిక్కు. కెమెరా దృశ్యాలు రికార్డయ్యే డీవీఆర్ పెట్టెలో పాత రికార్డింగ్ మీద కొత్తది పడిపోతుంది, అదే రోజు కాపీ తీయించండి. డీవీఆర్ గడియారం ఎన్ని నిమిషాలు తేడాగా ఉందో రాసుకోండి. ఆ తేడా దగ్గరే డిఫెన్స్ లాయరు పట్టుకుంటాడు.

న్యాయవాది: ఆ కాపీకి కొత్త సాక్ష్య చట్టం, అంటే భారతీయ సాక్ష్య అధినియమం 63 సెక్షన్ కింద ధ్రువపత్రం కూడా ఉండాలి. అది లేక మంచి వీడియోలు కోర్టులో పనికిరాకుండా పోతాయి.

యాంకర్: పోయిన వస్తువుల జాబితా అంతా సిద్ధమయ్యాకే స్టేషన్‌కు వెళ్లాలా?

ఇన్‌స్పెక్టర్: అక్కర్లేదు. ‘ఇంకా సరిచూస్తున్నాం’ అని రాసి ఇచ్చేయండి, మిగతావి తర్వాతి వాంగ్మూలంలో చేర్చవచ్చు. నగలకు గ్రాములు, బిల్లు, ఫొటో ఇవ్వండి. ఇటీవల కొన్న హాల్‌మార్క్ నగ అయితే దాని మీద హెచ్‌యూఐడీ, అంటే అక్షరాలు, అంకెలు కలిసిన ఆరు స్థానాల గుర్తింపు కోడ్ ఉంటుంది. కరిగించకముందు దొరికితే అది మీదేనని చెప్పడానికి అంతకన్నా గట్టి గుర్తు లేదు.

న్యాయవాది: ‘విచారించి చూస్తాం, తర్వాత రండి’ అంటే ఒప్పుకోవద్దు. ఎఫ్ఐఆర్‌కు ముందు చేసే 14 రోజుల ప్రాథమిక విచారణ 7 ఏళ్లకు లోపు శిక్షపడే నేరాలకే, 305కు వర్తించదు. ఘటన ఏ స్టేషన్ పరిధిలో జరిగినా ఎఫ్ఐఆర్ రాయాలి, కాపీ ఉచితంగా ఇవ్వాలి. నిరాకరిస్తే డీసీపీకి పోస్టులో రాతపూర్వకంగా పంపండి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లండి.

యాంకర్: రాత్రి దొంగ ఎదురుపడితే కొట్టొచ్చా?

న్యాయవాది: ఆత్మరక్షణ హక్కు ఉంది. రాత్రి కన్నం వేసి వచ్చినవాడి విషయంలో 41 సెక్షన్ ఆ హక్కును ప్రాణం తీసేదాకా కూడా విస్తరించింది. కానీ అవసరానికి మించి గాయపరచకూడదని 37 చెబుతోంది. చొరబాటు సాగినంతసేపే ఆ హక్కు. వాడు పారిపోయాక వెంటపడినా, స్తంభానికి కట్టేసి కొట్టినా మీ మీదే కేసు. ఈ గీత అందరికీ తెలిసి ఉండాలి.

యాంకర్: చివరిగా, సొత్తు దొరికితే ఇంటికి ఎప్పుడొస్తుంది?

ఇన్‌స్పెక్టర్: మామూలుగా కోర్టు ఆదేశం వచ్చాకే పోలీసులు ఇస్తారు.

న్యాయవాది: కేసు తేలేదాకా ఆగనక్కర్లేదు. కేసుల విచారణ పద్ధతి చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 503 సెక్షన్ కింద మేజిస్ట్రేట్‌కు దరఖాస్తు పెట్టండి. ఫొటోలు తీసి, పంచనామా రాసి, మీతో బాండు రాయించుకుని నగలు అప్పగిస్తారు. సొత్తు స్టేషన్‌లో పదిహేను రోజులు, మహా అయితే నెలకు మించి ఉండకూడదని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. ఆ తీర్పును దరఖాస్తులో ప్రస్తావించండి, ఎఫ్ఐఆర్ కాపీ, నగల బిల్లులు జత చేయండి.