వాషరు పది రూపాయలు, కూలి మూడొందలు

శ్రోతలందరికీ నమస్కారం.

విజయనగరం కంటోన్మెంటు వైపు ఒక ఇంట్లో కింది వాటాలో ఎనిమిదేళ్ళు అద్దెకున్నాను. ఇప్పుడు సొంతిల్లు కట్టుకుని పై వాటా అద్దెకిచ్చాను. ఇంటిగలవాళ్ళని తిట్టుకోవడమూ తెలుసు, అద్దెవాళ్ళ మీద విసుక్కోవడమూ తెలుసు.

పెద్ద రిపేరు దగ్గర పేచీ రాదండి. స్లాబు కారితే ఎవరు బాగుచేయించాలో ఎవరినీ అడగక్కర్లేదు. తగాదా అంతా కుళాయి వాషరు దగ్గరే. వాషరు పది రూపాయలు, ప్లంబరు వచ్చి వెళ్ళినందుకు మూడు వందలు. ఆ మూడు వందలు ఎవరివి?

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 108వ సెక్షన్ ప్రకారం ఇల్లు ఎలా తీసుకున్నారో అలా అప్పజెప్పాలి. అయితే వాడకంలో మామూలుగా వచ్చే అరుగుదలను, మనిషి ఆపలేని ఉపద్రవాన్ని మినహాయించారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గాలికి మా వాటాలో కిటికీ అద్దాలు పగిలినప్పుడు ఈ సంగతి నాకు తెలీదు. సగం డబ్బులు నేనే పెట్టుకున్నాను!

2021లో కేంద్రం ఇచ్చిన నమూనా అద్దె చట్టం ఇంకా విడమరిచి చెప్పింది. కుళాయిలు, వాషర్లు, స్విచ్చులు, గీజరు, తలుపు తాళాలు బాగుచేయించుకోవడం అద్దెవాళ్ళ వంతు. పైపులు మార్చడం, వైరింగు, సున్నాలు, రంగులు ఇంటిగలవాళ్ళ వంతు. ఇద్దరూ కలిసి కరారులో వేరేగా రాసుకోవచ్చు కూడా. నమూనా కాబట్టి, రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అమలు.

కాగితం మీద బాగానే ఉంది. కానీ విప్పి చూడకుండా ఏది ఎవరి వంతో తెలిసేదెలా?

మా పాత ఇంట్లో "ఐదు వందల లోపు రిపేర్లు మీవే" అని ఇంటిగల మామ్మగారి మాట. వంటింటి సింకు కింద చుక్కచుక్కగా నీరు కారేది. ప్లంబరుని పిలిస్తే డబ్బులు నావి కదా అని కింద బకెట్టు పెట్టి ఊరుకున్నాను. నాలుగు నెలలు. ఈలోగా అవతలి గది గోడ చెమ్మెక్కి, సున్నం పెచ్చులూడింది. కారింది కుళాయి కాదు, గోడలో పైపు. "ముందే ఒక్క మాట చెప్పకపోయావా బాబూ" అంది మామ్మగారు. ఆవిడకి వేలల్లో ఖర్చయింది. ఆవిడ పెట్టిన షరతు ఆవిడకే తగిలిందని పైకి అనలేదు గానీ, లోపల అనుకున్నాను.

అందుకే మా ఇంట్లో నీళ్ళకీ కరెంటుకీ మనిషిని పిలిచిన ఖర్చు నాది. బల్బులు, వాళ్ళు తెచ్చుకున్న సామాన్లు, కాలవలో పిల్లాడు వేసిన బంతి వాళ్ళవి. బోరు నీళ్ళకి ఒకే కుళాయి ఏడాదిలో మూడుసార్లు పోతే అదీ నాదే. ఇలాగైతే ప్రతిదానికీ ఫోను చేస్తారని మా ఆవిడ గోల. నిజమే, చేస్తారు. ఒక్కోసారి నాకూ చిరాకే.

మొన్న పై వాటా అమ్మాయి ఫోను చేసింది. "అంకుల్, గీజరు స్విచ్చి దగ్గర కాలిన వాసన వస్తోంది." స్విచ్చి అంటే లెక్కప్రకారం వాళ్ళది. ఎలక్ట్రీషియన్ వచ్చి విప్పాడు. లోపల వైరు కరిగిపోయి, పెట్టె నల్లబడి ఉంది. వైరింగు నాది. నాలుగు వందలు చేతిలో పెట్టి పంపాను.

సెలవు.