జీమ్, మీమ్, ఐన్: 'జమ' చుట్టూ ఒక చర్చ

వ్యాఖ్యాత: 'ఖాతాలో జమ అయింది', 'జుమ్మా నమాజు', ఉస్మానియా వర్సిటీ దగ్గరి 'జామియా ఉస్మానియా' స్టేషను. ఈ మూడూ ఒకే ధాతువు నుంచి వచ్చాయంటున్నారు. ఎలా సార్?

అరబ్బీ అధ్యాపకుడు: ఆ ధాతువు జీమ్, మీమ్, ఐన్ అనే మూడు హల్లులండీ. అరబ్బీలో అర్థాన్ని మోసేవి హల్లులే. వాటి మధ్య ఏ అచ్చులు రావాలి, ముందూ వెనకా ఏం చేరాలి అనేది మూసను బట్టి ఉంటుంది. ఆ మూసను 'వజన్' అంటారు. 'జమఅ' అంటే పోగుచేశాడు. కర్తను చెప్పే మూసలో అది 'జామి', అంటే చేర్చేది. శుక్రవారం ఊరంతా చేరే పెద్ద మసీదుకు ఆ పేరు అందుకే. దానికి స్త్రీలింగ ప్రత్యయం తగిలిస్తే 'జామిఆ', విశ్వవిద్యాలయం. 1945లో కైరోలో ఏర్పడ్డ అరబ్ లీగ్‌ను కూడా అరబ్బీలో జామిఆ అనే అంటారు. కర్మను చెప్పే మూసలో 'మజ్మూ', అంటే మొత్తం.

నిఘంటుకర్త: లెక్కల్లో 'జమ్' అంటే కూడిక, వ్యాకరణంలో బహువచనం. అయితే మనకు రెండు నుంచే బహువచనం. వాళ్లకు మూడు నుంచి. రెంటికి సంస్కృతంలోలాగే ద్వివచనం వేరే ఉంది.

వ్యాఖ్యాత: క్రియల సంగతేంటి?

అధ్యాపకుడు: విద్యార్థులు బోల్తాపడేది అక్కడే. అరబ్బీలో ఒకే ధాతువు నుంచి క్రియ రకరకాల మూసల్లో వస్తుంది, వాటిని ఒకటో రూపం, రెండో రూపం అని వరసగా లెక్కిస్తారు. మూడో రూపం నుంచి వచ్చే నామం 'జిమా', సంభోగం. నాలుగో రూపం నుంచి 'ఇజ్మా', ఏకాభిప్రాయం. సున్నీ ధర్మశాస్త్రానికి ఖురాన్, సున్నా అంటే ప్రవక్త ఆచరణ, ఖియాస్ అంటే పోల్చి తేల్చడం, వీటితో పాటు ఇదీ ఒక ఆధారం. ఎనిమిదో రూపం నుంచి 'ఇజ్తిమా', సమావేశం. సమాజశాస్త్రం 'ఇల్ముల్ ఇజ్తిమా'. సమావేశం గురించి చెప్పబోయి మూడో రూపం వాడారంటే ఇక చూస్కోండి!

వ్యాఖ్యాత: (నవ్వుతూ) మరి నిఘంటువులో వెతకడం ఎలా?

నిఘంటుకర్త: హాన్స్ వేర్ లాంటి నిఘంటువుల్లో వరస ధాతువును బట్టి ఉంటుంది. 'ముజ్తమా', అంటే సమాజం, అనే మాట తీసుకోండి. 'మ' కింద వెతికితే దొరకదు. ముందున్న 'ము' ఉపసర్గ, తీసేయాలి. ఇంకా నాలుగు హల్లులు మిగులుతాయి: జ, త, మ, ఐన్. మొదటి హల్లు వెంటనే 'త' కనిపిస్తే ఎనిమిదో రూపమేమోనని అనుమానించాలి. ఆ 'త' కూడా తీసేస్తే మిగిలేది మన ధాతువే. తెలుగు లిపిలో రాసుకుని వెతికితే మాత్రం చిక్కే, ఐన్‌కు మన దగ్గర అక్షరం లేదు. 'జమ'లో అది పూర్తిగా రాలిపోయింది.

అధ్యాపకుడు: ఒక్క హెచ్చరిక. ధాతువు ఒకటైతే అర్థాలన్నీ చుట్టాలే అనుకోకూడదు. జీమ్, మీమ్, లామ్ తీసుకోండి: 'జమల్' ఒంటె, 'జమాల్' అందం, 'జుమ్లా' వాక్యం. ఒంటెకూ వాక్యానికీ ముడిపెట్టి కథలు అల్లేవాళ్లున్నారు, నమ్మకండి.

వ్యాఖ్యాత: జమీందారు, జామీను కూడా 'జమ' బాపతేనా?

నిఘంటుకర్త: కాదండీ. జమీందారులోని 'జమీన్' పారసీ, భూమి. 'జామీను' అరబ్బీదే కానీ ధాతువు దాద్, మీమ్, నూన్; పూచీ పడటం. అరబ్బీలో వేర్వేరు అక్షరాలన్నీ మన దగ్గరికొచ్చేసరికి ఒకే 'జ' అయిపోవడంతో వచ్చిన తంటా ఇది. జమాబందీ మాత్రం అసలు చుట్టమే: అరబ్బీ 'జమ్'కు పారసీ 'బందీ' కలిపి, శిస్తు లెక్క తేల్చడం. జమాఖర్చు ఇంకా బావుంటుంది. 'ఖర్చు' వెనక ఉన్నది అరబ్బీ 'ఖర్జ్', బయటికి పోవడం. పోగైంది ఒకవైపు, బయటికి పోయింది ఇంకోవైపు.

వ్యాఖ్యాత: పాతబస్తీలో జుమెరాత్ బజారు గురువారం కదా జరిగేది? మరి పేరులో జుమ్మా ఎందుకు?

అధ్యాపకుడు: ఇస్లామీ లెక్కలో రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. గురువారం పొద్దుగూకాక వచ్చే రాత్రి శుక్రవారానిది, జుమ్మా రాత్రి. ఉర్దూలో ఆ రాత్రి పేరే గురువారం పగటికీ అంటుకుంది.