పొట్ట మీద చెయ్యి వెయ్యకుండా పాఠమా?

హోస్ట్: కరోనా రోజుల్లో కాన్పులు, మా క్లాసులు ఎలా నడిచాయో ఇవాళ మాట్లాడుకుందాం. ముందే చెప్పేస్తాను, నేను ఈ కాన్పుల డాక్టర్ మేడమ్ స్టూడెంట్‌ని. వైవాలో, అంటే నోటి పరీక్షలో, తిట్లు తిన్న బ్యాచ్.

డాక్టర్: తిట్టలేదమ్మా, గట్టిగా చెప్పాను.

హోస్ట్: (నవ్వు) సరే మేడమ్. 2020 మార్చి 25, లాక్‌డౌన్ మొదలైన రోజు. మీ ఓపీ ఎలా ఉంది?

డాక్టర్: ఖాళీ! గర్భిణులతో కిటకిటలాడే హాలు అలా బోసిపోతే భయమేసింది. లాక్‌డౌన్ పెట్టారని కాన్పు ఆగదు కదా. సరిగ్గా అదే రోజు కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఇచ్చింది. ఇక ఫోనే దిక్కయింది. కానీ ఐరన్ మాత్రలు వేసుకుంటున్నావా అని ఫోన్‌లో అడగొచ్చు, బీపీ ఎలా చూస్తాం? అందుకే విజిట్లు తగ్గించి, వచ్చిన రోజే స్కాను, రక్తపరీక్ష, ధనుర్వాతం ఇంజెక్షను అన్నీ కానిచ్చేసేవాళ్ళం. ఐదో నెల స్కాను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వదలొద్దనేదాన్ని.

హోస్ట్: మిగతా రోజుల్లో ఫోన్‌లో ఏమడిగేవారు?

డాక్టర్: తలనొప్పి తగ్గట్లేదా? కళ్ళు మసకబారుతున్నాయా? పొట్ట పైభాగంలో నొప్పా? ఇవి గుర్రపు వాతం, అంటే బీపీ పెరిగి గర్భిణులకు వచ్చే ఫిట్స్, వచ్చే ముందు కనబడే గుర్తులు. ఉమ్మనీరు పోతోందా, రక్తం కనబడిందా, బిడ్డ కదలిక తగ్గిందా అని కూడా. ఒక్కటి తేడాగా ఉన్నా, ‘కరోనా గిరోనా అనకు, 108కి ఫోన్ చెయ్యి’ అనేదాన్ని. భోజనం చేసి ఎడమ పక్కకు తిరిగి పడుకుని, బిడ్డ ఎన్నిసార్లు కదిలిందో లెక్కపెట్టమనేదాన్ని. రెండు గంటల్లో పది రాకపోతే వచ్చెయ్యమని. కొందరు క్యాలెండర్ మీద గీతలు గీసి మరీ తెచ్చారు. అంత శ్రద్ధగా మా హౌస్‌సర్జన్లు కేస్‌షీటు రాసుంటే ఎంత బావుండేదో!

హోస్ట్: అది నాకే తగిలింది మేడమ్. రెండో వేవ్?

డాక్టర్: దాని గురించి ఎక్కువ మాట్లాడలేను. ఏడో నెల దాటినవాళ్ళు ఉన్నట్టుండి ఆయాసపడేవాళ్ళు. ఊపిరి అందేలా బోర్లా పడుకోబెడదామంటే పొట్ట అడ్డం. ఆక్సిజన్ 95కి తగ్గకుండా చూడాలి, అదొక్కటే యావ. టీకా గర్భిణులకూ వెయ్యొచ్చని 2021 జూలై 2న అన్నారు. నన్నడిగితే ఆలస్యమే. పాజిటివ్ తల్లి పాలివ్వొచ్చా అని అత్తగార్ల గొడవ ఇంకోవైపు. మాస్కు పెట్టుకుని, చేతులు కడుక్కుని ఇవ్వమ్మా అని ఎన్నిసార్లు చెప్పానో!

హోస్ట్: మరి మా క్లాసులు?

డాక్టర్: చూపించడం, చూడటం, సాయం చెయ్యడం, సొంతంగా చెయ్యడం. 2019లో చేరిన బ్యాచ్‌తో వచ్చిన ఎంబీబీఎస్ కొత్త సిలబస్‌లో మెట్లివి. అది కుదురుకునేలోపే కాలేజీలకు తాళాలు పడ్డాయి. జూమ్‌లో పీపీటీ చూపిస్తే మీరేమో కెమెరా ఆపేసి నిద్ర!

హోస్ట్: అందుకేనా దిండుగలీబులో కొబ్బరికాయ?

డాక్టర్: మరి! దిండుగలీబే తల్లి పొట్ట అనుకోండి, లోపల బిడ్డ. ఒక చివర కొబ్బరికాయ, ఇంకో చివర మడతపెట్టిన తువ్వాలు. కళ్ళు మూసుకుని తడమండి అన్నాను. గట్టిగా, గుండ్రంగా తగిలేది తల. మెత్తగా, వెడల్పుగా ఉండేది పిర్రలు. నా సొంత తెలివేం కాదులే. 18వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో మదాం దు కుద్రే అనే మంత్రసాని గుడ్డతో గర్భాశయం, బిడ్డ బొమ్మలు కుట్టించి ఊరూరా నేర్పింది. 1759లో రాజే ఆవిణ్ణి ఆ పని మీద పంపాడు.

హోస్ట్: కుంకుమ నీళ్ళ క్లాసు నేను మర్చిపోలేను. అమ్మ పాత చీర పాడైపోయింది.

డాక్టర్: అదే రక్తం అనుకుని అర లీటరు కొలిచి చీర మీద పొయ్యమన్నాను. ఎంతుందో పక్కవాళ్ళతో అంచనా వేయించమన్నాను. అందరూ తక్కువే చెప్పారు, రెండొందలు, మూడొందల మిల్లీలీటర్లు అని. కాన్పు తర్వాత రక్తస్రావంలో జరిగే మోసం అదే. గుడ్డ పీల్చేస్తుంది, కన్ను నమ్మేస్తుంది. కొలత గీతలున్న సంచీ కింద పెట్టమని ఇప్పుడు గట్టిగా చెబుతున్నది అందుకే.

హోస్ట్: అయినా మేడమ్, కొబ్బరికాయ వేరు, మనిషి వేరు. హౌస్‌సర్జన్సీలో పీపీఈ వేసుకుని, రెండు జతల గ్లౌజులతో మొదటిసారి పొట్ట పట్టుకున్నాను. ఆవిడకి మూడో కాన్పు. నేను తడుముతూనే ఉన్నాను. చివరికి ఆవిడే, ‘పాపా, బిడ్డ తలని పైన వెతుకుతున్నావేంటి, కిందికి దిగి నాలుగు రోజులైంది’ అంది.

డాక్టర్: స్కాన్ తీశారా?

హోస్ట్: తీశాం. కిందే ఉంది.